బగ్రామ్‌కి ఆయిల్ ఎవరు పోస్తారు?

2025 సెప్టెంబరు 18న బ్రిటన్‌లోని చెకర్స్‌లో ఆ దేశ ప్రధాని పక్కన నిలబడి ట్రంప్ ఒక మాట అన్నాడు. అఫ్ఘానిస్తాన్‌లోని బగ్రామ్ ఎయిర్‌బేస్‌ని మళ్లీ తీసుకోవాలని చూస్తున్నాం, చైనా అణ్వాయుధాలు తయారుచేసే చోటికి అది గంట దూరమే అని. రెండు రోజులు పోయాక సోషల్ మీడియాలో ఇంకో మెట్టు ఎక్కాడు. దాన్ని కట్టినవాళ్లకి, అంటే అమెరికాకి, తిరిగి ఇవ్వకపోతే చెడు జరుగుతుందని బెదిరించాడు. ఆ వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రిటైరైన లెక్చరర్ గారొకాయన, "ఇంత మంచి బేస్‌ని అసలెందుకు వదిలేసినట్టండీ?" అని అడిగారు. ఫోన్‌లో టైపు చేస్తూ పోతే బొటనవేళ్లు నొప్పెట్టాయి గానీ సమాధానం పూర్తి కాలేదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ట్రంప్ చెప్పిన రెండు ముక్కల లెక్క తేల్చేద్దాం. బగ్రామ్‌ని కట్టింది సోవియట్ యూనియన్, 1950లలో. అమెరికా వాళ్లు 2001 తర్వాత వచ్చి దాన్ని బాగా పెంచారు, ఇంకో పెద్ద రన్‌వే వేశారు, అదంతా నిజమే. కానీ అద్దెకి దిగినవాడు పైన ఒక అంతస్తు వేసుకుని, పునాది కూడా నేనే తీశానన్నట్టుంది వ్యవహారం. ఇక గంట దూరం సంగతి. చైనా ఒకప్పుడు అణు పరీక్షలు జరిపిన లోప్‌నూర్ బగ్రామ్ నుంచి గీత గీసినట్టు కొలిచినా 1,800 కిలోమీటర్ల పైచిలుకే. దాదాపు హైదరాబాద్ నుంచి శ్రీనగర్ అంత. మామూలు జెట్ విమానానికి రెండు గంటలు దాటుతుంది, మధ్యలో పామీర్ కొండలు అడ్డం. అయినా ఈ రెండు తప్పులూ చిన్నవే. అసలు మెలిక వేరే ఉంది: విమానాలు దిగడానికి జాగా ఉంటే బేస్ ఉన్నట్టేనా? ఆ విమానానికి ఆయిల్ ఎవరు పోస్తారు, అది ఏ దారిన వస్తుంది, ఆ దారి తాళంచెవి ఎవరి జేబులో ఉంది? బగ్రామ్ డెబ్బై ఏళ్ల కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చోటు ఎలాంటిదో చూస్తే కొంత అర్థమవుతుంది. కాబూల్‌కి ఉత్తరంగా 50 కిలోమీటర్ల చిల్లర, అంటే హైదరాబాద్ నుంచి భువనగిరి వెళ్లినంత. పర్వాన్ ప్రావిన్సు. ద్రాక్షతోటల షొమాలీ మైదానం, దాని ఉత్తరాన గోడ కట్టినట్టు హిందూకుష్. ఎత్తు దాదాపు 1,490 మీటర్లు, మన హార్స్‌లీ హిల్స్ కంటే కూడా ఎక్కువ. ఈ ఎత్తు ఊరికే చెప్పడంలేదు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఎండాకాలం వేడికి ఇంకా పలచనవుతుంది. గాలి పలచనైతే రెక్కకి లిఫ్ట్ తగ్గుతుంది, ఇంజన్ కూడా అంత గట్టిగా తొయ్యలేదు. దాంతో అదే విమానం, అదే బరువుతో గాల్లోకి లేవాలంటే విశాఖలో పరిగెత్తినదానికంటే ఇక్కడ చాలా ఎక్కువ దూరం పరిగెత్తాలి. అందుకే పాత సోవియట్ రన్‌వే సుమారు మూడు కిలోమీటర్లు, అమెరికా వాళ్లు 2006లో పూర్తిచేసింది మూడున్నర దాటింది. కొండల దేశంలో అంత పొడవున చదునైన నేల, పక్కనే రాజధాని, ఎదురుగా ఉత్తరానికి పోయే కనుమలు... అలాంటి చోట్లు ఎన్నో దొరకవు.

దొరకవు కాబట్టే ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. ఎయిర్‌బేస్‌కి దగ్గర్లోనే కపిశి అనే పాత నగరం ఉండేది, కుషాణుల వేసవి రాజధాని. పాణిని సూత్రాల్లో ఈ ఊరి ప్రస్తావన ఉంది, ఇక్కడి ద్రాక్షతో చేసిన కాపిశాయనం అనే మద్యం గురించి కౌటిల్యుడు కూడా రాశాడు. 1937లోనూ 1939లోనూ ఫ్రెంచివాళ్లు తవ్వితే, తలుపులు ఇటుకలతో మూసేసిన రెండు గదులు బయటపడ్డాయి. లోపల రోమన్ ఈజిప్టు గాజు పాత్రలు, చైనా లక్కసామాను, భారతదేశపు దంతపు బొమ్మలు. ఆ దంతపు పలకల మీది స్త్రీమూర్తుల పనితనాన్ని మథుర, అమరావతి శిల్పాలతో పోల్చిన పండితులున్నారు. అమరావతి అంటే మన కృష్ణ ఒడ్డుదే. మూడు దిక్కుల సరుకు ఒకే గదిలో చేరిందంటే, అప్పట్లో మూడు దిక్కుల దార్లూ తెరిచి ఉన్నాయన్నమాట. ఆ తర్వాతి కథలో దార్లు మూసుకోవడమే ఎక్కువ కనిపిస్తుంది.

1950లకి వద్దాం. అప్పటి అఫ్ఘాన్ ప్రధాని దావూద్ ఖాన్‌కి పాకిస్తాన్‌తో పష్తూన్ ప్రాంతాల గొడవ ఉంది. ఆయుధాలు ఇమ్మని ముందు అమెరికానే అడిగాడు. పాకిస్తాన్ అప్పుడే అమెరికా కూటముల్లో చేరుతోంది కాబట్టి వాళ్లు కాదన్నారు. సోవియట్ వాళ్లు సరేనన్నారు. అప్పు ఇచ్చారు, మిగ్ విమానాలు ఇచ్చారు, హిందూకుష్ కొండల్లో సలాంగ్ కనుమ కింద సొరంగం తవ్వారు, బగ్రామ్‌లో రన్‌వే పోశారు. 1959 డిసెంబరు 9న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అఫ్ఘానిస్తాన్ వచ్చినప్పుడు దిగింది కూడా ఈ రన్‌వే మీదే, రాజు జహీర్ షా ఎదురొచ్చి తీసుకెళ్లాడు. రష్యావాడు పోసిన రన్‌వే మీద అమెరికా అధ్యక్షుడు దిగడం ఆ రోజుల్లో అఫ్ఘాన్ రాజకీయానికి సరిగ్గా సరిపోయే బొమ్మ. ఇద్దరి దగ్గరా తీసుకుంటాం, ఎవరికీ పూర్తిగా లొంగం అన్నట్టు. ఆ ఆట ఇరవై ఏళ్లు సాగింది.

1979 డిసెంబరులో ముగిసింది. ఆర్నెల్ల ముందే, జులైలో, ఒక సోవియట్ పారాట్రూప్ బెటాలియన్ బగ్రామ్‌కి వచ్చి కూర్చుంది. డిసెంబరు 25 సాయంత్రం నుంచి కాబూల్‌లోనూ బగ్రామ్‌లోనూ రవాణా విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగడం మొదలైంది. 27 రాత్రి తాజ్‌బేగ్ భవనం మీద దాడిచేసి అధ్యక్షుడు హఫీజుల్లా అమీన్‌ని చంపేశారు. అతని బదులు గద్దెనెక్కాల్సిన బబ్రక్ కర్మల్ ఆ గంటల్లో ఎక్కడున్నాడు? బగ్రామ్ బేస్‌లో, సోవియట్ కాపలా మధ్య. కొత్త ప్రభుత్వం వచ్చిందంటూ రేడియోలో వినిపించిన అతని ప్రసంగం ముందే రికార్డు చేసి పెట్టుకున్నది. దేశాధినేత రాజధానిలోకి అడుగు పెట్టకముందే ఎయిర్‌బేస్‌లో తయారై కూర్చున్నాడు, చూడండి. పైలట్లు, బాంబులు తర్వాత సంగతి. పొరుగుదేశంలోకి రాత్రికి రాత్రి ఒక సైన్యాన్ని, కావాలంటే ఒక ప్రభుత్వాన్ని కూడా, దించుకునే గుమ్మంలా ఉపయోగపడింది బగ్రామ్ అప్పుడు.

ఆయిల్ సంగతికొస్తే సోవియట్ వాళ్లకి ఒక సుఖం ఉంది. దేశం వాళ్ల సరిహద్దుకి ఆనుకునే ఉంది. తమ సరిహద్దు ఊరు తెర్మెజ్ దగ్గర నది దాటి, సలాంగ్ సొరంగం గుండా లారీలు నేరుగా వచ్చేస్తాయి, అదే దారి పక్కన ఇంధన పైపులైన్లు బగ్రామ్ దాకా వేసుకున్నారు. మధ్యలో వేరే దేశం లేదు, ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. అయినా ఏమైంది? ఆ రోడ్డుకి పక్కలోనే పంజ్‌షీర్ లోయ, అందులో సోవియట్ సైన్యంతో పోరాడే గెరిల్లా నాయకుడు అహ్మద్ షా మసూద్. కాన్వాయ్‌లని కొట్టేవాడు, పైపులైన్‌కి చిల్లులు పడేవి. ఆ లోయ మీదకి సోవియట్ సైన్యం తొమ్మిదిసార్లు పెద్ద దాడులు చేసిందంటారు. బగ్రామ్ నుంచి లేచిన విమానాలకి లోయ నోరు కూతవేటు దూరంలో ఉన్నా, లోయ మాత్రం చేతికి చిక్కలేదు. 1986 నుంచి ముజాహిదీన్‌ల, అంటే మసూద్ లాంటి తిరుగుబాటుదారుల చేతికి భుజం మీంచి పేల్చే స్టింగర్ క్షిపణులు వచ్చాక దిగడం, లేవడం కూడా తలనొప్పి అయింది. క్షిపణుల్ని దారి తప్పించే మంట గుళ్లు విదిలించుకుంటూ, బేస్ నెత్తిమీదే గిరగిరా సుళ్లు తిరుగుతూ దిగేవాళ్లు. 1989 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు.

తర్వాతి పదేళ్లూ బగ్రామ్‌లో నాకు బాగా నచ్చే పాత్ర ఒకటుంది. మనిషి కాదు, కంట్రోల్ టవర్. 1990ల చివరికి ఒకవైపు తాలిబన్లు, ఇంకోవైపు వాళ్లతో పోరాడే అఫ్ఘాన్ దళాల ఉత్తర కూటమి, మధ్యలో రన్‌వే సరిహద్దు గట్టులా మారింది. విమానాలు లేవు, తుప్పు పట్టిన మిగ్‌ల డొక్కులు పడున్నాయి, నేలంతా మందుపాతరలు. అద్దాలు పగిలిన ఆ టవర్ ఎక్కి ఉత్తర కూటమి జనరల్ బాబాజాన్, విదేశీ విలేకరులకి అదిగో ఆ చెట్ల వెనక తాలిబన్లున్నారని వేలు పెట్టి చూపించేవాడు. 2001 అక్టోబరులో అమెరికా బాంబులు పడుతుంటే విలేకరులు చూసింది ఆ టవర్ మీంచే. విమానాలకి దారి చెప్పడానికి కట్టిన టవర్ పొరుగూరి పొలంలో ఎవరు కదులుతున్నారో చూసే మంచె అయిపోయింది, మన మొక్కజొన్న చేలో పిట్టల్ని తోలడానికి వేస్తామే, అలాంటిది.

2001 నవంబరు మధ్యలో బ్రిటిష్ కమాండోలు దిగారు, వెనకే అమెరికన్లు. మాతో ఒక మాటయినా అనకుండా ఎలా దిగుతారని ఉత్తర కూటమి వాళ్లు గొణిగారు కూడా. మొదట్లో టెంట్లు, దుమ్ము, మందుపాతరలు ఏరిన చోటే అడుగు వెయ్యడం. పదేళ్లు తిరిగేసరికి అదొక ఊరు. ఊరంటే నిజంగా ఊరే. పదుల వేల మంది, 50 పడకల ఆసుపత్రి, విమానాలు దాచే కాంక్రీటు అరలు వందకి పైగా, జిమ్‌లు, బర్గర్ కింగ్, పిజ్జా హట్. మెయిన్ రోడ్డు పేరు డిస్నీ డ్రైవ్. ఆ పేరు వింటే మిక్కీమౌస్ గుర్తొస్తుంది గానీ అది 2002 ఫిబ్రవరిలో ఆ బేస్‌లోనే భారీ యంత్రం ప్రమాదంలో చనిపోయిన ఒక అమెరికన్ సైనికుడి ఇంటిపేరు. 2010లో ఒక జనరల్ ఇది యుద్ధమా, పిక్నిక్కా అని బర్గర్ కొట్లు మూయించాడు, తర్వాత వచ్చిన జనరల్ కొన్నింటిని తెరిపించాడు. ఆ బర్గర్లకి మాంసం, బన్నులు, చిప్స్, అన్నీ ఎక్కడో సముద్రం అవతల నుంచి రావాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ ఊళ్లో గిన్నెలు కడిగేది, బట్టలు ఉతికేది, కేబుళ్లు లాగేది ఎక్కువగా సైనికులు కాదు. కాంట్రాక్టు కంపెనీలు తెచ్చిన నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, భారతీయులు. అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైనికుల కంటే కాంట్రాక్టర్ల మనుషులే ఎక్కువున్న సంవత్సరాలు చాలా ఉన్నాయి. దుబాయ్ ఏజెంట్ల చేతుల మీదుగా మన ఉత్తర తెలంగాణ కుర్రాళ్లూ కొందరు ఆ దేశానికి వెళ్లారు, 2021 ఆగస్టులో కాబూల్‌లో ఇరుక్కుపోయిన వాళ్ల గురించి మన పేపర్లలో వచ్చింది. గల్ఫ్ జీతానికి ఇంకొంచెం కలిపి ఇస్తారని యుద్ధభూమిలో అన్నం వండటానికి వెళ్లినవాళ్లు. ఎయిర్‌బేస్ చరిత్రల్లో స్క్వాడ్రన్‌ల పేర్లన్నీ ఉంటాయి, వీళ్లుండరు.

ఇప్పుడు ఆయిల్. సోవియట్ వాళ్లకున్న సుఖం అమెరికాకి లేదు. అఫ్ఘానిస్తాన్‌కి సముద్రం లేదు. పడమర ఇరాన్, అది కుదరదు. మిగిలింది ఒకటి, కరాచీ రేవులో దించి పాకిస్తాన్ మీదుగా తోర్ఖమ్, చమన్ సరిహద్దు గేట్ల గుండా లారీల్లో తేవడం. లేదంటే 2009 నుంచి వాడినట్టు రష్యా, మధ్య ఆసియా దేశాల మీదుగా రైళ్లలో తేవడం. ఇంకా గట్టిగా కావాలంటే విమానాల్లో మోసుకురావడం, దానికి ఖర్చు తలకి మించింది. జెట్ విమానం, జీపు, జనరేటరు అన్నిటికీ వీలైనంతవరకు ఒకే రకం ఇంధనం వాడటం అమెరికా సైన్యం పద్ధతి. కాబట్టి ట్యాంకర్ ఆగితే ఎగరడంతో పాటు ఫ్రిజ్జు, లైటు, ఆసుపత్రి ఏసీ అన్నీ ఆగుతాయి.

2011 నవంబరులో పాకిస్తాన్ సరిహద్దున సలాలా దగ్గర నాటో దాడిలో పాకిస్తాన్ సైనికులు 24 మంది చనిపోయారు. పాకిస్తాన్ గేట్లు మూసేసింది. ఏడు నెలలు తెరవలేదు. దానివల్ల నెలకి అదనంగా 10 కోట్ల డాలర్లు పోతున్నాయని అప్పటి అమెరికా రక్షణమంత్రి పనెటా తానే చెప్పాడు. చివరికి 2012 జులైలో అమెరికా విచారం తెలిపాకే లారీలు కదిలాయి. ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యం, పరాయి గేటు దగ్గర చెక్‌పోస్టులో లారీ డ్రైవర్‌లా ఎదురుచూసింది. ఉత్తరం దారీ అంతే. 2005లో ఉజ్బెకిస్తాన్ తన గడ్డ మీది బేస్ ఖాళీ చెయ్యమంది, 2014లో కిర్గిజ్‌స్తాన్ మనాస్ బేస్‌ని మూయించింది.

సరిహద్దు దాటాక ఇంకో విడ్డూరం. దేశం లోపల సరుకు తోలే 200 కోట్ల డాలర్ల పైచిలుకు లారీ కాంట్రాక్టు మీద 2010లో అమెరికా కాంగ్రెస్ సబ్‌కమిటీ ఒకటి విచారణ చేసింది. తేలిందేమిటంటే, లారీల్ని కొట్టకుండా వదలడానికి దారిపొడుగునా స్థానిక దళనాయకులకి మామూళ్లు వెళుతున్నాయి, అందులో కొంత తాలిబన్లకి కూడా చేరి ఉండొచ్చు. మన దగ్గర ఊరి పొలిమేరలో లారీ ఆపి చందా అడుగుతారే, ఆ టైపు, కాకపోతే తుపాకులతో. బగ్రామ్ నుంచి లేచిన విమానం ఎవరి మీద బాంబు వెయ్యడానికి వెళుతోందో, ఆ విమానంలో పోసిన ఆయిల్ వచ్చే దారికి డబ్బు తీసుకునేది కూడా వాళ్లే కావచ్చు. ఈ ఒక్క ముక్క విన్నాకే నాకు ఆ యుద్ధం ఎటు పోతుందో అర్థమైంది.

సరుకు తేవడం ఒక ఎత్తయితే తిరిగి తీసుకెళ్లడం ఇంకో ఎత్తు. 2013 ఏప్రిల్ 29. నేషనల్ ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ 747 సరుకు విమానం ఒకటి హెల్మండ్‌లోని క్యాంప్ బాస్టియన్‌లో ఐదు సైనిక వాహనాలు ఎక్కించుకుని, ఆయిల్ పోయించుకోవడానికి బగ్రామ్‌లో ఆగి, దుబాయ్‌కి బయల్దేరింది. మందుపాతర పేలినా తట్టుకునే సాయుధ వాహనాలవి, ఒక్కొక్కటీ టన్నులకి టన్నులు. పట్టీలతో కట్టారు గానీ ఆ బరువుకి తగ్గట్టు కట్టలేదు. విమానం ముక్కు పైకెత్తగానే కనీసం ఒక వాహనం పట్టీలు తెంచుకుని వెనక్కి దొర్లింది. బరువు వెనక్కి పోయి ముక్కు ఇంకా పైకి లేచింది, అది చాలదన్నట్టు ఆ వాహనం తోక భాగంలోని హైడ్రాలిక్ గొట్టాల్ని, తోక రెక్కని కదిలించే యంత్రాంగాన్ని పగలగొట్టింది. ఇక పైలట్ ఎంత తోసినా ముక్కు కిందకి రాదు. గాల్లో నిలబడిపోయినట్టు ఒక్క క్షణం ఆగి, పక్కకి ఒరిగి, బేస్ అంచున నేలకి కొట్టుకుంది. ఏడుగురు సిబ్బందీ పోయారు. బయట రోడ్డు మీద వెళుతున్న ఒక వాహనం డ్యాష్‌క్యామ్‌లో అదంతా రికార్డయింది, ఇప్పటికీ చూడొచ్చు, కానీ చూడమని చెప్పను.

మరి వదిలేశారెందుకు? లెక్చరర్ గారి ప్రశ్న. దీనికి ఒక లెక్క చెప్తాను. తాలిబన్లు ఎక్కువగా వాడిన 107 మిల్లీమీటర్ల రాకెట్ సుమారు 8 కిలోమీటర్లు పోతుంది. దాన్ని పేల్చడానికి ఫిరంగి బండి అక్కర్లేదు, రెండు రాళ్ల మధ్య ఆనించినా చాలు. అంటే బేస్ మధ్యలో ఉన్న విమానం క్షేమంగా ఉండాలంటే చుట్టూ 8 కిలోమీటర్ల దాకా ప్రతి తోట, ప్రతి ఇల్లు, ప్రతి కాలవగట్టు మీద కన్నుండాలి. వైశాల్యం కట్టి చూడండి, 200 చదరపు కిలోమీటర్లు వస్తుంది, మూడు విజయవాడ నగరాలంత. అంతా ద్రాక్షతోటలు, మట్టిగోడలు, జనం. 2020 ఏప్రిల్ 9న ఒక వాహనం మీంచి ఐదు రాకెట్లు బేస్‌లోకి వదిలారు, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. 2016 నవంబరులో అయితే ఆత్మాహుతి బాంబరు లోపలికే వచ్చేశాడు, పొద్దున్నే పరుగుపందెం కోసం జనం చేరుతున్న సమయంలో.

2021లో సైన్యాన్ని ఉపసంహరించాలని నిర్ణయించాక అప్పటి అమెరికా సైన్యాధిపతుల ఛైర్మన్ జనరల్ మిల్లీ అమెరికా కాంగ్రెస్ ముందు ఈ లెక్కే ఇంకో రకంగా చెప్పాడు: బగ్రామ్‌ని నిలబెట్టుకోవాలంటే 5,000 నుంచి 6,000 మంది కావాలి, మా దగ్గర ఉండనిచ్చినది కాబూల్ ఎంబసీని కాపాడేటంత బలగమే. అందుకని బగ్రామ్ వదిలి కాబూల్ పౌర విమానాశ్రయం ఉంచుకున్నారు. ఆ నిర్ణయం సరైందా? ఉన్న సంఖ్యతో అయితే వేరే దారి లేదనే నాకనిపిస్తుంది, కాకపోతే ఆ సంఖ్యని ముందే గీసేసుకున్నదీ వాళ్లే.

వెళ్లిన తీరు మాత్రం వాళ్ల వైపు నుంచి ఎవరు సమర్థించినా నాకు మింగుడుపడదు. జులై మొదటి వారం, రాత్రిపూట. వెళ్లిపోయిన ఇరవై నిమిషాల్లో కరెంటు పోయింది, బేస్ చీకటయింది. ఆ చీకట్లో దొంగలు దూరి బ్యారక్‌లు కొల్లగొట్టారు. కొత్త అఫ్ఘాన్ కమాండర్ జనరల్ కోహిస్తానీకి అమెరికన్లు వెళ్లారన్నది పుకారుగా తెలిసి, పొద్దున ఏడింటికి గానీ ఖాయం కాలేదట. అప్పగింత గురించి ముందే మాట్లాడుకున్నాం, కచ్చితంగా ఏ గంటకన్నదే చెప్పలేదు అన్నారు అమెరికావాళ్లు. వదిలేసిన సామాను 35 లక్షల వస్తువులని కోహిస్తానీ లెక్క: నీళ్ల సీసాలు, ఎనర్జీ డ్రింకులు, ప్యాకెట్ భోజనాలు, వేల వాహనాలు. వాహనాల్లో చాలావాటికి తాళంచెవులు లేవు. ఇరవై ఏళ్ల కాపురం ఖాళీ చేసి తాళాలు జేబులో వేసుకుని పోయినట్టు.

బగ్రామ్ అంటే అఫ్ఘాన్‌లకి గుర్తొచ్చేది రన్‌వే కంటే ముందు జైలు, దీన్ని తేలిగ్గా దాటెయ్యలేం. సోవియట్ కాలపు ఒక వర్క్‌షాపు షెడ్డులో మొదలైంది. 2002 డిసెంబరులో అక్కడ కొన్ని రోజుల తేడాతో ఇద్దరు ఖైదీలు చనిపోయారు, చేతులు పైకి గొలుసుతో కట్టి, కాళ్ల మీద పదే పదే కొట్టడం వల్ల. ఒకరు దిలావర్, 22 ఏళ్ల టాక్సీ డ్రైవర్. అతను ఏ నేరం చెయ్యలేదని విచారించినవాళ్లలోనే చాలామంది నమ్మారు. రెండు మరణాలూ హత్యలేనని అమెరికా సైనిక వైద్యులే పోస్ట్‌మార్టంలో రాశారు. తర్వాత కొత్త జైలు కట్టారు, 2013లో అఫ్ఘాన్ ప్రభుత్వానికి అప్పగించారు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు బేస్‌ని పట్టుకుని ఖైదీలని వదిలేశారు, 5,000 మంది దాకా. అందులో ఇస్లామిక్ స్టేట్ వాళ్లూ ఉన్నారు. పదకొండు రోజుల తర్వాత కాబూల్ విమానాశ్రయం గేటు దగ్గర బాంబు పేల్చి 13 మంది అమెరికన్ సైనికుల్ని, సుమారు 170 మంది అఫ్ఘాన్‌లని చంపినవాడు ఆ జైలు నుంచి బయటికొచ్చినవాడేనని అమెరికా అధికారులు చెప్పారు. బగ్రామ్ వదిలినందుకు కాబూల్‌లో కట్టిన వడ్డీ అది.

ఇందులో మనకేంటి అంటారా. మన దేశం కూడా ఇలాంటి పాఠమే చిన్న సైజులో, తక్కువ ఖర్చులో చదువుకుంది. తజికిస్తాన్‌లో దుషన్‌బే దగ్గర ఐనీ అనే పాత సోవియట్ ఎయిర్‌బేస్‌ని మనవాళ్లు కోట్ల డాలర్లు పెట్టి బాగుచేశారు, రన్‌వే పొడిగించారు, హ్యాంగర్లు కట్టారు. అంతకుముందు అఫ్ఘాన్ సరిహద్దున ఫర్ఖోర్‌లో మన ఆసుపత్రి ఉండేది, 2001 సెప్టెంబరు 9న బాంబు దాడి తర్వాత మసూద్‌ని తీసుకెళ్లింది అక్కడికే. ఐనీలో మన యుద్ధ విమానాలు నిలుస్తాయని ఏళ్ల తరబడి కథనాలు వచ్చాయి. శాశ్వతంగా నిలిచింది లేదు. అక్కడికి వెళ్లాలంటే పాకిస్తాన్ ఆకాశం తప్పించుకుని చుట్టూ తిరగాలి, పైగా రష్యా ఇష్టం లేకుండా తజికిస్తాన్‌లో ఆకు కదలదు. ఒప్పందం 2022లో ముగిసింది, బేస్ తిరిగి అప్పగించేశామని మన విదేశాంగ శాఖ 2025 అక్టోబరులో చెప్పింది.

అదే అక్టోబరు 7న మాస్కోలో అఫ్ఘానిస్తాన్ మీద సమావేశం జరిగితే, ఆ దేశంలోనూ చుట్టుపక్కలా బయటివాళ్లు సైనిక వసతులు పెట్టడం సరికాదని ఒక ప్రకటన చేశారు. బగ్రామ్ పేరు రాయలేదు, రాయక్కర్లేదు. ఆ కాగితం మీద రష్యా, చైనా, ఇరాన్‌తో పాటు భారత్, పాకిస్తాన్ రెండూ ఉన్నాయి. ఈ రెండు దేశాలూ ఒకే మాట మీద నిలబడటం ఎన్నేళ్లకి ఒకసారి జరుగుతుంది! రెండు రోజులకే తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తకీ ఢిల్లీలో దిగాడు, మనవాళ్లు కాబూల్‌లోని ఆఫీసుని మళ్లీ ఎంబసీ చేస్తామన్నారు. బగ్రామ్ అమెరికా చేతికెళ్తే మనకి లాభమేగా అని గ్రూపులో ఇంకొకాయన వాదించాడు గానీ, ఆ లాభానికి కావాల్సిన లారీలన్నీ కరాచీలోనే దిగాలని మర్చిపోయినట్టున్నాడు.

ట్రంప్ కోరిక తీరాలంటే రెండే మార్గాలు. తాలిబన్లు ఇష్టపడి ఇవ్వాలి. వాళ్లు ఒక్క అంగుళం కూడా ఇవ్వమన్నారు, 2020 దోహా ఒప్పందంలో సైన్యాన్ని పూర్తిగా తీసుకెళ్తామని సంతకం చేసింది నీ ప్రభుత్వమేగా అని గుర్తుచేశారు. లేదంటే బలవంతంగా దిగాలి. దిగడం కష్టమేమీ కాదు, రన్‌వే బాగానే ఉంది, 2024 ఆగస్టులో అమెరికా వదిలేసిన వాహనాలతోనే తాలిబన్లు అక్కడ కవాతు కూడా చేశారు. దిగిన మర్నాటి నుంచి ఆ 8 కిలోమీటర్ల చుట్టు, ఆ ఆయిల్ లారీలు మొదలవుతాయి.

ఆ లారీలు రావాల్సిన తోర్ఖమ్ గేటు సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. మాస్కో ప్రకటన వచ్చి వారం తిరగకముందే పాకిస్తాన్, తాలిబన్ల మధ్య కాల్పులు మొదలై ఆ గేటు మూతపడింది. రెండు వైపులా వేల లారీలు బారులు తీరాయి. అటు నుంచి రావాల్సిన టమాటాలు లారీల్లోనే కుళ్లిపోతుంటే, పాకిస్తాన్‌లో కిలో వాళ్ల రూపాయల్లో 600 పలికింది.